తాడు మీద దిగే కబురు

ఆ పొద్దున పదిన్నర వేళ ఓదెలు మాదాపూర్‌లో ఒక అద్దాల బిల్డింగు బయట, పదకొండో అంతస్తు ఎత్తున, తాడుకు వేలాడే పీట మీద కూర్చుని అద్దం రుద్దుతున్నాడు. ఒక చేతిలో సబ్బునీళ్ల బ్రష్షు, ఇంకో చెయ్యి తాడు మీద. లోపల కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్లు బయటి మనిషి వంక చూడరు, బయటి మనిషి లోపలికి తేరిపార చూడడు. పదిహేనేళ్లుగా ఈ పనిలో ఉన్న ఓదెలుకు అది అలవాటైన మర్యాదే.

ఉన్నట్టుండి పైనుంచి సర్రున ఏదో జారి వచ్చి అతని పిడికిలికి తగిలి ఆగింది. ఎర్రగుడ్డ కట్టిన చిన్న స్టీలు రింగు. ఓదెలు తల ఎత్తి చూడలేదు. బ్రష్షు బకెట్లో వేసి, నడుముకున్న కొక్కేన్ని పక్కనే వేలాడే రెండో తాడుకు బిగించి, ఒంటి బరువంతా దాని మీదికి మార్చుకున్నాడు. అప్పుడు కిందికి వంగి రెండుసార్లు చెయ్యి ఊపాడు. కింద కాపలా కూర్చున్న బాలనర్సయ్య ఆ సైగ చూసి టెర్రస్ మీదున్న మనిషికి ఫోన్ చేశాడు. పది నిమిషాల్లో పైన ఏదో సర్ది బిగించారు. రింగును విప్పి నడుముకు తగిలించుకుని ఓదెలు మళ్లీ అద్దం రుద్దడం మొదలుపెట్టాడు.

ఇదంతా అద్దానికి అవతలి నుంచి ఒకామె చూసింది. పేరు తేజస్విని. ధర్మవరం పిల్ల, ముప్పై దాటి ఒకటో రెండో. మధ్యాహ్నం ఓదెలూ బాలనర్సయ్యా సెల్లార్ ర్యాంపు పక్కన టిఫిన్ డబ్బాలు విప్పుకున్నప్పుడు వెతుక్కుంటూ వచ్చింది.

"అన్నా, పొద్దున మీ చేతికొచ్చి తగిలింది కదా, అదేంది?"

ఓదెలు ముద్ద డబ్బాలో పెట్టేశాడు. ఆఫీసు మనిషి దిగి వచ్చిందంటే ఫిర్యాదుకే అనుకున్నాడు. "ఏం లేదు మేడం. నీళ్లు గిట్ల లోపలికి రాలే గద?"

"రాలేదన్నా. అది పడినాక మీరు వేరే తాడుకు మారినారు. ఎందుకని అడుగుతున్నా, అంతే."

ఓదెలు బాలనర్సయ్య వైపు చూశాడు. బాలనర్సయ్య తల ఊపాడు. "అది కబురు మేడం," అన్నాడు ఓదెలు. "పైన తాడు పక్కకు జరిగిందని కబురు."

ఓదెలుది పెద్దపల్లి పక్క ఊరు. పిల్లలు నిలవక ఓదెల మల్లన్నకు మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు. తండ్రి తాటిచెట్లెక్కి కల్లు గీసే గౌండ్ల మనిషి. పద్నాలుగేళ్లకే ఓదెలు నడుముకు మోకు కట్టుకుని చెట్టెక్కాడు. కాళ్లను పట్టి ఉంచే గుజి బంధం, నడుముకు ఆ తోలు తాడు, అంతే బందోబస్తు. తండ్రి చెప్పిన పాఠం ఒకటే: "చెట్టును నమ్మకు, చెయ్యిని నమ్మకు, మోకును పొద్దుగాల చూసుకుని నమ్ము." ఊళ్లో గీత పని తగ్గిపోయాక, ముందే పట్నం చేరి ఉన్న బాలనర్సయ్య అతన్ని పిలిపించుకున్నాడు. తాటిచెట్టు ఎక్కినవాడికి ఎత్తు కొత్తా? మొదట వేలాడే జూలా బల్ల మీద నిలబడి గోడలకు రంగులు వేశాడు. గచ్చిబౌలిలో, కొండాపూర్‌లో అద్దాల బిల్డింగులు లేస్తుంటే అద్దాలు కడగడానికి మారాడు. గోపన్‌పల్లిలో ఒక గది కిరాయికి తీసుకుని భార్య సమ్మక్కను తెచ్చుకున్నాడు. సమ్మక్క ఇంట్లోనే మిషన్ మీద జాకెట్లు కుడుతుంది.

2019 వానకాలంలో బాలనర్సయ్య పడ్డాడు.

తాడు టెర్రస్ మీద కట్టి, పిట్టగోడ మీదుగా కిందికి వదులుతారు. పిట్టగోడ అంచు గ్రానైటు రాయి. రాపిడికి తాడు తెగకుండా అంచు మీద గోనెసంచి మడిచి వేస్తారు. ఆ రోజు గాలికి గోనెసంచి జరిగిపోయింది. కింద వేలాడే మనిషికి అది కనబడదు, ఎవరూ చెప్పలేదు. రెండో తాడు ఉండాలని కాగితం మీద ఉంది గాని, కాంట్రాక్టరు ఆ రోజు ఒక్కటే ఇచ్చాడు. పని అయిపోవచ్చి బాలనర్సయ్య రెండో అంతస్తు దాకా దిగి ఉండబట్టి ప్రాణం దక్కింది. తుంటి ఎముక విరిగింది. నాలుగు నెలలు దవాఖానలో, ఇంట్లో. మళ్లీ తాడు ఎక్కలేదు. కింద కుర్చీ వేసుకుని పైకి చూస్తూ కాపలా ఉండే పని మిగిలింది.

ఓదెలు ఆ తెగిన తాడును ఇంటికి తెచ్చుకున్నాడు. సమ్మక్కకు అది నచ్చలేదు. "ఇంట్ల పెట్టుకునే వస్తువా అది? పారెయ్," అంది. అతను పారెయ్యలేదు. రాయి ఎక్కడ కొరికిందో, పోగులు ఎట్లా లేచాయో వేళ్లతో తడిమి చూసేవాడు.

మరుసటి ఏడాది లాక్‌డౌన్ వచ్చి పనులన్నీ ఆగినప్పుడు అతనికి చేతినిండా పొద్దు దొరికింది. పాత సామాన్ల దుకాణంలో రెండు నైలాన్ గిరకలు ఏరుకున్నాడు. వాటిని ఇనుప యాంగిల్‌లో కూర్చి, పిట్టగోడను పట్టుకునేలా స్క్రూతో తిప్పే మర బిగింపు పెట్టించాడు. ఇప్పుడు తాడు రాయికి తగలదు, గిరకల మీద నడుస్తుంది. పనులు మొదలయ్యాక వాడి చూశారు. తాడు మీద ఒక్క పోగు లేవలేదు. జట్టులో అందరూ మెచ్చుకున్నారు. ఓదెలుకు కూడా లోపల గర్వంగానే ఉండేది.

కాని ఒక లోటు మిగిలింది. మనిషి ఊగినకొద్దీ బిగింపు మెల్లగా వదులై, గిరకల పెట్టె పక్కకు జరిగేది. గోనెసంచికి పట్టిన గతే దానికీ పడితే? పైన గంట పెట్టి చూశాడు, గాలిలో కిందికి వినబడలేదు. పైనున్న మనిషి రోజంతా దాన్నే చూస్తూ కూర్చోలేడు, అతను నాలుగు తాళ్లు చూసుకోవాలి.

2021 దసరా ముందు ఒక ఆదివారం సమ్మక్క డాబా మీద బట్టలు ఆరేసింది. హ్యాంగర్లకు తగిలించిన జాకెట్లు తీగ పొడవునా వరసగా ఉన్నాయి. ఓదెలు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తీగ ఒక కొస కట్టిన మేకు ఊడింది. ఆ కొస కిందికి జారడంతో హ్యాంగర్లన్నీ ఒకదాని వెనక ఒకటి జారుకుంటూ వచ్చి అతని కాళ్ల మీద పడ్డాయి. సమ్మక్క నెత్తి కొట్టుకుంది, ఉతికిన బట్టలన్నీ మట్టి పాలయ్యాయని. ఓదెలు మాత్రం కదలకుండా కూర్చుని ఊడిన మేకు వంకే చూస్తున్నాడు.

"ఏమైంది? గట్ల చూస్తున్నవ్?"

"పైన మేకు ఊడిందని నాకు ఎవరు చెప్పిన్రే? బట్టలే వచ్చి చెప్పినయ్."

వారం తిరక్కుండా రింగు చేశాడు. గిరకల పెట్టె పక్కనే తాడుకు ఒక వదులు రింగు తొడిగి, చిన్న చీలతో పైన ఆపి ఉంచుతాడు. చీలకు కట్టిన దారం రెండో కొస పిట్టగోడకు. పెట్టె రెండు వేళ్లంత జరిగితే చాలు, దారం చీలను లాగేస్తుంది, రింగు తాడు వెంబడి జారి మనిషి చేతికి వచ్చి తగులుతుంది. కాని తడిసిన తాడు మీద రింగు మధ్యలో ఇరుక్కుపోయేది. దానికి మందు సమ్మక్క కనిపెట్టింది. ఎర్రగుడ్డతో రెండు చిన్న సంచులు కుట్టి, వాటిలో సైకిల్ బేరింగు గోళీలు నింపి, రింగుకు అటూ ఇటూ సమానంగా కట్టింది. "ఒక్క దిక్కే కడితే వంగి పట్టుకుంటది. రెండు దిక్కుల కట్టు, సక్కగ దిగుతది," అంది. అట్లాగే దిగింది. దాన్ని కబురు అని పిలవడం కూడా ఆమే మొదలుపెట్టింది.

తేజస్విని ఈ కథంతా మూడు మధ్యాహ్నాల్లో కొంచెం కొంచెంగా రాబట్టింది. అప్పుడు తన పని ఏమిటో చెప్పింది. ప్రపంచంలో ఎవరు ఏ కొత్త వస్తువు చేసినా, అది నిజంగా కొత్తదేనా, ఎక్కడైనా ముందే ఉందా అని వెతికి చెప్పడం. టైరు రబ్బరు, టూత్‌బ్రష్ కుచ్చు, ఫోన్ అద్దం, బ్యాటరీలో పూసే పొడి, అన్నీ ఆమె బల్ల మీదికి వస్తాయి.

"పదిట్లో తొమ్మిదింటికి 'ఇది ముందే ఉంది' అని రాసేదే నా పనన్నా," అంది. "మీది కూడా వెతికి చూస్తా. మా ఆఫీసులో ఏడాదికొక కేసు ఊరికే చేసిచ్చే పద్ధతి ఉంది. కొత్తదని తేలితే పేటెంటుకు వేద్దాం. అంటే ఇది మొదట మీకే తట్టిందని సర్కారు ఇచ్చే కాగితం. ఇరవై ఏళ్ల దాకా మిమ్మల్ని అడక్కుండా దీన్ని ఇంకొకరు చేసి అమ్మకూడదు."

ఓదెలు ఆమె దగ్గర ఒక్కటే అడిగాడు. "గిరకల డబ్బా బొమ్మ మంచిగ గీయిస్తవా చెల్లె? అదే అసలు సంగతి."

మూడు వారాల తర్వాత ఆమె కొన్ని కాగితాలు పట్టుకుని టీ బండి దగ్గరికి వచ్చింది. ఆమె మొహం చూడగానే ఓదెలుకు సంగతి అర్థమైంది. అక్షరాలు అతనికి తెలియనివి, బొమ్మ మాత్రం తెలిసిందే. రెండు గిరకలు, యాంగిలు, మర బిగింపు. మర తిప్పే పిడి కూడా తను పెట్టిన దిక్కే ఉంది.

"జపాన్‌లో ఓడలకు రంగులేసే ఒకాయనదన్నా. దగ్గర దగ్గర యాభై ఏళ్ల కిందటిది."

ఓదెలు ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. టీ చల్లారింది.

"ఈయన దగ్గర గూడ ఎవరన్న పడ్డరా?"

"అది రాయలేదన్నా. పేటెంట్లలో అట్లాంటివి రాయరు."

"పడే ఉంటడు. ఊరికె ఎవడు చేస్తడు."

రెండు రోజులు అతను సరిగ్గా తినలేదు. పనిలోనూ మాట తగ్గింది. సంగతి తెలిసిన సమ్మక్క ఊరుకుని ఊరుకుని అడిగింది. "వాన్ని చూసి నువ్వు చేసినవా?"

"లేదు."

"మరి నీ తెలివికేం తక్కువైంది? ఒక్క దుఃఖం ఇద్దరికి వస్తది, ఒక్క ఆలోచన ఇద్దరికి రాదా?"

తేజస్విని చెప్పాలనుకున్న రెండో మాట వినడానికి అతనికి అప్పుడు మనసొప్పింది. గిరకలు పాతవే, కాని తాడు మీద జారే రింగు ఆమెకు ఎక్కడా దొరకలేదు. తన దగ్గరున్న దారులన్నీ వెతికింది. గంటలున్నాయి, లైట్లున్నాయి, వైర్లున్న మిషన్లున్నాయి. పనిచేసే తాడునే దారి చేసుకుని మనిషి చేతికి చేరే కబురు మాత్రం లేదు.

"అదా?" అన్నాడు ఓదెలు. "అది ఊరికె పెట్టిన గద చెల్లె. అదేం పెద్ద పని."

"అదే మీదన్నా. ఇంకో మాట. ఆ జపానాయన గడువు ఎప్పుడో తీరిపోయింది. గిరకల డబ్బా ఎవరైనా చేసుకోవచ్చు, ఆపేవాళ్లు లేరు."

ఆ మాటకు ఓదెలు మొహం విప్పారింది. అదే నెలలో జట్టు మొత్తానికి పన్నెండు గిరకల పెట్టెలు చేయించాడు.

రింగు సంగతిలో తొందర పడాల్సి వచ్చింది. నలుగురి కళ్ల ముందు ఒక వస్తువు వాడితే అది లోకానికి తెలిసిపోయినట్టే లెక్క. పరీక్ష కోసమే వాడామని చెప్పుకున్నా, ఏడాది లోపల దాఖలు చెయ్యాలి. అప్పటికే ఎనిమిది నెలలు. తేజస్విని ఆదివారాలు గోపన్‌పల్లి వచ్చి, గదిలో చాప మీద కూర్చుని రాసుకునేది. కనిపెట్టినవారి పేరు రాసే చోటికి వచ్చి ఆగింది.

"వదినా, గోళీల సంచులు ఎవరి ఆలోచన?"

"నాదే," అంది సమ్మక్క, మిషన్ ఆపకుండా.

"అయితే మీ పేరు కూడా రాయాల. రాయకపోతే తప్పు."

సమ్మక్క మిషన్ ఆగింది. "నేనేం కనిపెట్టిన? సంచులు కుట్టిన."

"తడి తాడు మీద అది దిగిందంటే మీ వల్లే కదా," అంది తేజస్విని. ఓదెలు భార్య వైపు తిరిగి, "రాయించుకో, జెర," అన్నాడు. 2022 దసరా ఇంకో మూడు వారాలుందనగా కాగితాలు దాఖలయ్యాయి. కనిపెట్టినవారు ఇద్దరు, పేర్లు ఓదెలు, సమ్మక్క.

ఆ తర్వాత ఏడాదిన్నర ఏ కబురూ లేదు. వచ్చిన మొదటి జవాబులో అభ్యంతరాలే ఉన్నాయి. జపాన్ పేటెంటు చూపించి, దీనికి ఒక గుర్తు తగిలించడం ఎవరికైనా తట్టే పనే కదా అన్నారు. 2024లో విచారణ వీడియోలో జరిగింది. తేజస్విని ఆఫీసు గదిలో, తెర ముందు, ఓదెలు ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. చెన్నై పేటెంటు కార్యాలయంలోని అధికారి ఇంగ్లిష్‌లో అడిగిన ప్రశ్నను ఆమె తెలుగులో చెప్పింది: గంట పెట్టొచ్చు, ఫోన్ చెయ్యొచ్చు, ఈ రింగే ఎందుకు?

ఓదెలు గొంతు సవరించుకున్నాడు. "సార్, పన్నెండో అంతస్తుల గాలి ఎట్లుంటదంటే, పక్క తాడు మీద మనిషి అరిచినా వినబడది. ఫోన్ ఎత్తుదామంటే ఒక చెయ్యి సబ్బుల, ఒక చెయ్యి తాడు మీద ఉంటది. కండ్లు అద్దం మీద ఉంటయి. తాడు మీద ఉన్న చెయ్యి ఒక్కటే ఏనాడు తాడును ఇడువది. అందుకే ఆ చేతికే పంపిన సార్."

తేజస్విని ఆ మాటలను ఉన్నవున్నట్టు ఇంగ్లిష్‌లోకి మార్చింది. అధికారి కాసేపు ఏదో రాసుకున్నాడు. తడి తాడు మీద ఎన్నిసార్లు పరీక్షించారని అడిగాడు. నూట పదకొండు సార్లు అని ఓదెలు చెప్పాడు. ఒక్కో పరీక్షకు ఒక్కో గీత గీసిన సమ్మక్క కుట్టుపని నోటుబుక్కు తేజస్విని తెరకు చూపించింది. హక్కును గిరకల జోలికి పోకుండా, రింగుకూ గోళీల సంచులకూ మాత్రమే పరిమితం చేస్తామని ఆమె రాసిచ్చింది. ఆ ఏడాది చివర్లో పేటెంటు మంజూరైంది.

ఇక తన కష్టం తీరిందనుకున్నాడు ఓదెలు. బిల్డింగుల భద్రత చూసే రాకేష్ అనే అతను రెండేళ్లుగా "ఇది సర్టిఫికెట్ లేని వస్తువు అన్నా, తీసెయ్, నా నౌకరీ పోతది" అని బతిమాలుతూనే ఉన్నాడు. ఓదెలు పేటెంటు కాగితం ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని నేరుగా అతని దగ్గరికి పోయాడు. రాకేష్ శ్రద్ధగా చదివాడు, చెయ్యి కలిపాడు. ఆపైన మెల్లగా అన్నాడు. "ఇది కొత్తదని ఉన్నది అన్నా. బరువు ఆపుతదని లేదు."

ఓదెలు మండిపడుతూ తేజస్విని దగ్గరికి వచ్చాడు. ఆమె రాకేష్ మాటే నిజమంది. "మొదట్లోనే చెప్పాల్సిందన్నా. నా తప్పే. కొత్తదనానికి ఒక కాగితం, గట్టితనానికి ఇంకొకటి."

గట్టితనం పరీక్షకు రాకేషే దారి చూపించాడు. బాలానగర్ పక్క ఒక ల్యాబులో తనకు తెలిసినవాళ్లుంటే వాళ్లను అడిగి రోజు ఖాయం చేయించాడు, తనూ సెలవు పెట్టి తోడు వచ్చాడు. గిరకల పెట్టెకు బరువు పెంచుతూ పోయారు. మోయాల్సిన బరువుకు కొంచెం ముందే, టప్పుమని యాంగిల్ వెల్డింగు చిట్లింది. ఓదెలు దగ్గరికి పోయి చిట్లిన చోట వేలు పెట్టి చూశాడు. ఇట్లాంటి పన్నెండు పెట్టెల మీద జట్టులోని మనుషులు మూడేళ్లుగా వేలాడుతున్నారు.

ఆ సాయంత్రమే అతను పన్నెండు పెట్టెలూ వెనక్కి తెప్పించాడు. "పేటెంటు అచ్చినంక పాడైందా?" అని ఒకరిద్దరు నవ్వారు. పట్టించుకోలేదు. వెల్డింగు లేకుండా, ఒకే మందపు పట్టీని వంచి కొత్తది చేయించడానికి రెండు నెలలు పట్టింది. రెండోసారి ల్యాబులో అది కావాల్సిన దానికి రెట్టింపు బరువు మోసింది. రాకేష్ ఆ కాగితం అక్కడే ఫోటో తీసి తన పైవాళ్లకు పంపించాడు. వారం తర్వాత అతని కింద ఉన్న ఆరు బిల్డింగుల్లో ఓదెలు పెట్టె, సమ్మక్క సంచులు కట్టిన రింగు లేకుండా తాడు వదలకూడదని నోటీసు అంటించారు.

ఓదెలు ఇప్పటికీ గోపన్‌పల్లి గదిలోనే ఉంటాడు. ఇప్పటికీ తాడు మీదే పని. భద్రత సామాన్లు చేసే ఒక చిన్న కంపెనీ రింగు చేస్తామని అడిగితే, సంచులు మాత్రం సమ్మక్కా ఆమె చుట్టుపక్కల ఆడవాళ్లూ కుట్టాలనే షరతు మీద భార్యాభర్తలిద్దరూ ఒప్పుకున్నారు. నెలలో రెండో శనివారం కొండాపూర్‌లో ఒక బిల్డింగు టెర్రస్ మీద అతను కొత్తగా పనిలో చేరేవాళ్లకు తరగతి చెబుతాడు. బాలనర్సయ్య కుర్చీలో కూర్చుని, ముడి తప్పుగా వేసినవాళ్లను కట్టెతో చూపిస్తాడు.

మొన్నటి తరగతిలో పదకొండు మంది ఉన్నారు. ముడులూ కొక్కేలూ అయిపోయాక ఓదెలు చేతులు దులుపుకుని, "ఇంకొక్క మాట," అన్నాడు. "పనిల మీకు ఏదన్న ఉపాయం తడితే నాకు చెప్పుండ్రి. చిన్నదని సిగ్గుపడకుండ్రి. ఫోన్ల వీడియో తీసి మాత్రం పెట్టకుండ్రి, పెడితే అది ఊరందరిదైతది. ముందుగాల మన తేజస్విని మేడంకు చూపిద్దాం."

వాళ్లలో ఒకరిద్దరు నవ్వారు. వెనక వరసలో, మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన నలభై ఏళ్ల మనిషి చెన్నకేశవులు, చెయ్యి సగం ఎత్తి దించుకున్నాడు. ఓదెలు అది చూశాడు. మిగతావాళ్లను టీకి పంపించి, అతని పక్కన పిట్టగోడ నీడలో కూర్చున్నాడు.

"చెప్పు అన్నా."

"ఏం లేదే. బకెట్ సంగతి. చెప్తే నవ్వుతరు."

"నేను నవ్వ. చెప్పు."

చెన్నకేశవులు చేతులతో గాలిలో బకెట్ ఆకారం గీసి, అడుగున ఏదో తిప్పి చూపించడం మొదలుపెట్టాడు.